అమెరికా టీవీ స్టేషన్‌లో యూనియన్ ఒప్పందం: జీతం, సౌకర్యాల నిబంధనలను ఎలా చదవాలి

అమెరికాలో ఒక టెలివిజన్ స్టేషన్‌లో గానీ నెట్‌వర్క్‌లో గానీ మాస్టర్ కంట్రోల్, కెమెరా, ఎడిటింగ్, గ్రాఫిక్స్, ట్రాన్స్‌మిటర్ వంటి విభాగాల్లో చేరినవారి చేతికి నియామక పత్రంతో పాటు వందల పేజీల యూనియన్ ఒప్పందం కూడా వస్తుంది. చాలామంది అందులో జీతాల పట్టిక ఉన్న పేజీ ఒక్కటీ చూసుకుని, తమ హోదాకు ఎదురుగా ఉన్న గంట రేటును గుర్తుపెట్టుకుని, మిగతా పుస్తకాన్ని అరలో పెట్టేస్తారు. నా దృష్టిలో ఇది ఏటా డబ్బు పోగొట్టుకునే పద్ధతి. ప్రసార రంగంలో పనివేళలకు స్థిరత్వం తక్కువ కాబట్టి, ఆ అస్థిరతకు యజమాని చెల్లించాల్సిన వెల అంతా పట్టిక తరువాతి పేజీల్లోనే ఉంటుంది. పైగా అందులో కొంత భాగం అడిగితేనే వస్తుంది.

మీకు ఏ యూనియన్ ప్రాతినిధ్యం వహిస్తోందో ముందుగా తెలుసుకోవాలి. ఎన్‌బీసీ నెట్‌వర్క్‌లో సాంకేతిక సిబ్బంది 1934లో పెట్టుకున్న సంఘం నుంచి ఎదిగిన ప్రసార ఉద్యోగుల సంఘం నాబెట్, 1994లో కమ్యూనికేషన్స్ వర్కర్స్ ఆఫ్ అమెరికాలో కలిసి నాబెట్-సీడబ్ల్యూఏ అయింది. ఎన్‌బీసీ, ఏబీసీ సాంకేతిక సిబ్బందికి ప్రధానంగా అదే ప్రతినిధి. సీబీఎస్ సాంకేతిక సిబ్బందికి విద్యుత్ కార్మికుల సంఘమైన ఐబీఈడబ్ల్యూ, తెర మీద కనిపించేవారికి చాలాచోట్ల 2012లో రెండు సంఘాల విలీనంతో ఏర్పడిన శాగ్-ఆఫ్ట్రా, కొన్ని న్యూస్‌రూముల్లో వార్తా రచయితలకు రైటర్స్ గిల్డ్ ప్రాతినిధ్యం వహిస్తున్నాయి. నెట్‌వర్క్ ఒప్పందం వేరు, అదే నెట్‌వర్క్ కార్యక్రమాలను ప్రసారం చేసే స్థానిక స్టేషన్ ఒప్పందం వేరు. కాబట్టి న్యూయార్క్‌లో ఉన్న మిత్రుడికి వస్తున్న సౌకర్యం ఒహాయోలో మీకూ ఉంటుందని అనుకోకూడదు.

హైదరాబాద్ చానళ్లలో పనిచేసి అక్కడికి వెళ్లినవారికి ఈ పుస్తకం కొత్తగా తోచడం సహజం. మన దేశంలో 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం కింద ఏర్పడిన వేతన సంఘాలు పత్రికల సిబ్బందికే పరిమితమయ్యాయి. టీవీ ఉద్యోగి జీతం ఇక్కడ ఎక్కువగా యాజమాన్యానికీ ఆ వ్యక్తికీ మధ్య తేలే విషయం. అక్కడ యూనియన్ ఉన్న స్టేషన్‌లో అయితే అది ఉమ్మడిగా బేరమాడి సాధించుకున్నది, ఆ కనీస హక్కులను ఎవరూ విడిగా వదులుకోవడానికి వీల్లేనిది.

పూర్తి కాగితాలు సంపాదించడం

ఒప్పందం ఒకే పుస్తకంగా ఉండటం అరుదు. ఒక మూల ఒప్పందం ఉంటుంది. గడువు తీరినప్పుడల్లా దాన్ని మళ్లీ అచ్చువేయకుండా, మారిన నిబంధనలను మాత్రమే రాసి ఒక మెమొరాండం మీద ఇరుపక్షాలూ సంతకం చేస్తాయి. వీటికి తోడు సైడ్ లెటర్లు ఉంటాయి. ఫలానా షోకు, ఫలానా కంట్రోల్ రూముకు, ఫలానా కొత్త పరికరానికి సాధారణ నిబంధన వర్తించదనో, మరోలా వర్తిస్తుందనో వాటిలో రాసుకుంటారు. మూల పుస్తకంలో ఉన్న హక్కును చివరి పేజీల్లోని సైడ్ లెటర్ తగ్గించి ఉండవచ్చు, పెంచి ఉండవచ్చు. అందుకే షాప్ స్టీవార్డును (పనిచోట యూనియన్ ప్రతినిధిని) గానీ యూనియన్ లోకల్ (స్థానిక శాఖ) కార్యాలయాన్ని గానీ అడిగేటప్పుడు ఈ మూడింటినీ పేరుపేరునా అడగాలి. అమెరికా కార్మిక శాఖ ఆన్‌లైన్‌లో ఉంచే ఒప్పందాల సేకరణలో కూడా కొన్ని దొరుకుతాయి.

ఆరోగ్య బీమా, పెన్షన్ వివరాలు ఒప్పందంలో రెండు మూడు పేరాలకు మించి ఉండవు. అసలు వివరం సమ్మరీ ప్లాన్ డిస్క్రిప్షన్ అనే వేరే పత్రంలో ఉంటుంది. ఉద్యోగుల పెన్షన్, బీమా పథకాలకు సంబంధించిన 1974 నాటి ఎరిసా చట్టం ప్రకారం, ప్లాన్‌లో చేరిన 90 రోజుల్లోగా దాన్ని మీకు ఇవ్వాలి. మీరు లిఖితపూర్వకంగా అడిగిన తరువాత 30 రోజులు దాటినా ప్లాన్ నిర్వాహకుడు పంపకపోతే, న్యాయస్థానం రోజుకు 110 డాలర్ల వరకు జరిమానా విధించవచ్చు. కాబట్టి నోటితో అడిగి ఊరుకోవద్దు. ఈమెయిల్ గానీ ఉత్తరం గానీ పంపి నకలు దాచుకోండి.

స్కేలు పట్టికలో చూడవలసినవి

పట్టికలో సాధారణంగా హోదాల వారీగా, అనుభవం ఎన్నేళ్లో దాని వారీగా కనీస రేట్లు ఉంటాయి. పాత స్టేషన్‌లో చేసిన అనుభవాన్ని లెక్కలోకి తీసుకుంటారా లేదా అన్నది చేరే రోజునే తేల్చుకోవాలి. ఒక మెట్టు కింద మొదలైతే ఆ తేడా ఏళ్ల తరబడి వెంటాడుతుంది.

స్కేలుకు, అంటే ఆ కనీస రేటుకు, మించి జీతం తీసుకుంటున్నవారు మరొక వాక్యం కోసం వెతకాలి. స్కేలు గంటకు 40 డాలర్లు, మీకిస్తున్నది 46 అనుకుందాం. ఒప్పందంలో ఏటా 3 శాతం పెంపు ఉంది. ఆ పెంపు కనీస రేట్లకే వర్తిస్తుందని రాసి ఉంటే స్కేలు 41.20 అవుతుంది, మీ 46 అలాగే ఉండిపోతుంది. ప్రతి ఉద్యోగి వాస్తవ జీతానికీ వర్తిస్తుందని ఉంటే మీది 47.38 అవుతుంది. స్కేలుకు మించి ఇస్తున్న మొత్తంలో ఓవర్‌టైమ్‌నూ, పనివేళల నిబంధనలు మీరినందుకు తాను కట్టాల్సిన పెనాల్టీలనూ సర్దుబాటు చేసుకునే అధికారం యజమానికి ఉందా అన్నది కూడా అక్కడే కనిపిస్తుంది. విడిగా చేసుకున్న ఒప్పందంలో అలాంటి షరతు ఉన్నట్లయితే, సంతకం చేసే ముందు స్టీవార్డుకు చూపించడం మంచిది.

శాశ్వత పెంపుకు బదులు ఒకేసారి బోనస్ ఇస్తామనే ప్రతిపాదన తరచుగా వస్తుంటుంది. గంటకు 40 డాలర్ల మీద ఏడాదికి 2,080 గంటలకు 83,200 డాలర్లు. దీని మీద 2.5 శాతం పెంపు అంటే ఏడాదికి 2,080 డాలర్లు. అంతే మొత్తాన్ని బోనస్‌గా ఒకసారి ఇస్తే మొదటి ఏడాది రెండూ సమానంగానే కనిపిస్తాయి. రెండో ఏడాది, మూడో ఏడాది పెంపు మళ్లీ వస్తుంది, బోనస్ రాదు. పైగా ఓవర్‌టైమ్, రాత్రి భత్యం, శాతం లెక్కన కట్టే పెన్షన్ వాటా అన్నీ పెరిగిన రేటు మీదే లెక్కవుతాయి. అప్పటికి చేతికి వచ్చే చెక్కు ఎంత అవసరమనిపించినా, మూడేళ్ల లెక్క వేయకుండా బోనస్‌కు ఒప్పుకోవద్దని నా గట్టి సలహా.

పనివేళల నిబంధనలు: డబ్బు ఎక్కువగా జారిపోయే చోటు

1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు చెల్లించమంటుంది. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలను మినహాయిస్తే రోజుకు ఎన్ని గంటలు చేశారన్నది చట్టానికి సాధారణంగా పట్టదు. చిన్న పట్టణాల స్టేషన్లలో అనౌన్సరుకు, న్యూస్ ఎడిటరుకు, చీఫ్ ఇంజనీరుకు ఆ చట్టం ఓవర్‌టైమ్ హక్కు కూడా ఇవ్వదు. లక్షకు మించని జనాభా గల ఊళ్లకు, అవి పెద్ద మహానగర ప్రాంతంలో భాగం కానప్పుడు, ఆ మినహాయింపు ఉంది. అందుకని రోజుకు ఎనిమిది గంటలు దాటగానే ఓవర్‌టైమ్, రెండు షిఫ్టుల మధ్య విశ్రాంతి, వేళకు భోజనం, సెలవు రోజు పిలిస్తే కనీస గంటల చెల్లింపు వంటివి ఎక్కువ శాతం ఒప్పందం వల్ల వచ్చేవే. రెండింటిలో మీకు ఏది మెరుగో అది వర్తిస్తుంది.

విశ్రాంతి విరామాన్ని అక్కడివారు టర్న్‌అరౌండ్ అంటారు. ఒక షిఫ్టు ముగిశాక నిర్ణీత గంటలు గడవకముందే మళ్లీ పనికి రమ్మంటే, తక్కువపడిన గంటలకు అదనపు చెల్లింపు ఉంటుంది. భోజనానికి నిర్ణీత వ్యవధిలో విడవకపోతే మీల్ పెనాల్టీ. అర్ధరాత్రి తరువాతి గంటలకు రాత్రి భత్యం. మీ హోదా కన్నా పై హోదా పని చేస్తే, ఉదాహరణకు ఆడియో మనిషి ఆ పూట టెక్నికల్ డైరెక్టర్ కుర్చీలో కూర్చుంటే, అప్‌గ్రేడ్ చెల్లింపు. ఆ పని ఎంతసేపు చేస్తే షిఫ్టు మొత్తానికి పై రేటు వస్తుందో, ఎంతసేపైతే చేసిన గంటలకే వస్తుందో ఒప్పందం చెబుతుంది.

వీటి బరువు తెలియాలంటే రెండు రోజుల లెక్క వేసి చూడాలి. కింది రేట్లు ఉదాహరణ కోసం అనుకున్నవి, మీ ఒప్పందంలోవి వీటి స్థానంలో పెట్టుకోండి. మూల రేటు గంటకు 40 డాలర్లు, రోజుకు ఎనిమిది గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు, టర్న్‌అరౌండ్ 12 గంటలు, దాన్ని ఉల్లంఘించిన ప్రతి గంటకూ అదనంగా సగం రేటు, మీల్ పెనాల్టీ 20 డాలర్లు, అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు వరకు పది శాతం రాత్రి భత్యం. గురువారం మధ్యాహ్నం మూడు గంటలకు షిఫ్టు మొదలైంది, రాత్రి పదకొండుకు ముగియాలి. తుపాను వార్తలు వస్తూండటంతో కంట్రోల్ రూము ఖాళీ చేయలేక ఒంటి గంట వరకు ఉన్నారు, ఎవరూ భోజనానికి విడవలేదు. శుక్రవారం ఉదయం తొమ్మిదికి మళ్లీ రమ్మన్నారు, సాయంత్రం అయిదుకు వెళ్లారు.

గురువారం మొదటి ఎనిమిది గంటలకు 320, తరువాతి రెండు గంటలకు 120, అర్ధరాత్రి దాటిన ఒక గంటకు భత్యం 4, మీల్ పెనాల్టీ 20, వెరసి 464 డాలర్లు. ఒంటి గంట నుంచి తొమ్మిది వరకు విరామం ఎనిమిది గంటలే కనుక నాలుగు గంటలు తక్కువపడ్డాయి. శుక్రవారం ఎనిమిది గంటలకు 320, ఆ నాలుగు గంటలకు అదనంగా 80, వెరసి 400. రెండు రోజులకు 864 డాలర్లు. ఎవరూ ఏమీ అడగకపోయినా గంటలు, ఓవర్‌టైమ్ లెక్క తేలి 760 చేతికి రావచ్చు. మిగతా 104 డాలర్లు మాత్రం టైమ్‌షీట్‌లో అర్ధరాత్రి దాటిందని, భోజనం దొరకలేదని, విరామం తగ్గిందని మీరు రాస్తేనే వచ్చే అవకాశం ఎక్కువ. జీతాల విభాగంలో కూర్చున్న మనిషికి మీరు ఆ రాత్రి తిన్నారో లేదో తెలిసే దారి లేదు.

పెనాల్టీ రాస్తే మేనేజరుకు కోపం వస్తుందేమోనన్న మొహమాటం మనవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. ఆ మొహమాటం అనవసరం. ఈ చెల్లింపులు పెట్టిన ఉద్దేశమే షిఫ్టులు సరిగా వేయించడం. పెనాల్టీ రాయకుండా వదిలేసినవారి షిఫ్టులే మళ్లీ మళ్లీ ఇలా పడతాయి, పక్క మనిషి హక్కుకూ విలువ తగ్గుతుంది.

ఒకే గంటకు రెండు అదనపు చెల్లింపులు కలిపి ఇవ్వబోమనే నిబంధన చాలా ఒప్పందాల్లో ఉంటుంది. ఓవర్‌టైమ్ గంటే టర్న్‌అరౌండ్ ఉల్లంఘనలోకీ వస్తే రెంటిలో పెద్దది మాత్రమే ఇస్తారన్నమాట. పై ఉదాహరణలో అవి వేర్వేరు గంటల మీద పడ్డాయి కాబట్టి ఆ చిక్కు రాలేదు. మీ లెక్కలో అవి ఒకదాని మీద ఒకటి పడితే ఈ నిబంధనను చదివాకే తుది మొత్తం వేయాలి.

జీతం చీటీలో తేడా కనిపిస్తే గ్రీవెన్స్ (ఒప్పందం ప్రకారం ఇచ్చే అధికారిక ఫిర్యాదు) వేయడానికి గడువు ఉంటుంది. అది రోజుల్లోనో వారాల్లోనో ఉంటుంది, సంఘటన జరిగిన రోజు నుంచో మీకు తెలిసిన రోజు నుంచో మొదలవుతుంది. గడువు దాటితే న్యాయమైన క్లెయిము కూడా చెల్లకపోవచ్చు. కాబట్టి షిఫ్టు మొదలైన వేళ, ముగిసిన వేళ, భోజనం వేళ, ఎవరు ఉండమన్నారో, ఏ కుర్చీలో పనిచేశారో అదే రోజు ఫోనులో రాసి పెట్టుకుని, చీటీ వచ్చిన వారంలోనే సరిచూసుకోండి. జీతాల గురించి తోటి ఉద్యోగులతో మాట్లాడుకునే హక్కు సూపర్‌వైజర్లు కాని ఉద్యోగులకు 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం ఇచ్చింది. అదే షిఫ్టు చేసిన ఇద్దరు చీటీలు పక్కపక్కన పెట్టుకుంటే తప్పు తొందరగా బయటపడుతుంది.

ఆరోగ్య బీమా, పెన్షన్

ఈ అధ్యాయంలో ముందుగా చూడవలసింది, బీమా పథకాన్ని మార్చే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది. యూనియన్ ఉద్యోగులు కంపెనీ సాధారణ పథకంలోనే ఉంటారనీ, కంపెనీ దాన్ని ఎప్పటికప్పుడు సవరించవచ్చనీ రాసి ఉంటే, ఒప్పందం కాలపరిమితి మధ్యలోనే ప్రీమియం వాటా, డిడక్టబుల్ (బీమా చెల్లించడం మొదలుపెట్టే ముందు మీరు సొంతంగా కట్టే మొత్తం) పెరగవచ్చు. ఉద్యోగి వాటా ఇంతకు మించరాదని అంకె రాసి ఉంటే ఆ భయం లేదు.

ఇది చిన్న విషయం కాదనడానికి 1998 నాటి ఏబీసీ ఉదంతం సాక్ష్యం. ప్రతిపాదించిన ఆరోగ్య పథకం వివరాలు ఇవ్వడం లేదని ఆ నవంబరులో నాబెట్ సభ్యులు 2,000కు పైగా ఒక్క రోజు సమ్మె చేశారు. తిరిగి పనికి రావాలంటే ఇకపై ముందస్తు నోటీసు లేకుండా సమ్మె చేయబోమని హామీ ఇవ్వాలంటూ కంపెనీ వారిని లోపలికి రానివ్వలేదు. ఆ లాకౌట్ 1999 జనవరి వరకు సాగింది. ప్లాన్ కాగితాలు అడగడం ఎంత మౌలికమైన హక్కో ఆ శీతాకాలం జీతాలు లేకుండా గడిపిన కుటుంబాలకు తెలుసు.

పెంపును, ప్రీమియంను ఎప్పుడూ కలిపే చూడాలి. 83,200 డాలర్ల మీద 3 శాతం పెంపు 2,496 డాలర్లు. అదే ఏడాది కుటుంబ బీమాలో మీ వాటా నెలకు 150 పెరిగితే 1,800 పోతుంది, పన్నులు లెక్కించకముందే మిగిలేది 696. డిడక్టబుల్ కూడా పెరిగితే, ఇంట్లో ఎవరైనా ఒకసారి ఆసుపత్రిలో చేరిన ఏడాది పెంపు మొత్తం హరించుకుపోవచ్చు.

401(కె) అనే రిటైర్మెంట్ పొదుపు పథకం విషయంలో కంపెనీ వాటా ఎంతన్న దాని కన్నా అది ఎప్పుడు పూర్తిగా మీదవుతుందన్నది ముఖ్యం. చట్టం ప్రకారం కంపెనీ జమచేసే వాటా మూడేళ్లకు ఒకేసారి గానీ, అంచెలంచెలుగా ఆరేళ్లలో గానీ మీ సొంతం కావాలి. ఒప్పందం అంతకన్నా త్వరగా ఇవ్వవచ్చు. రెండేళ్లు దాటి పది నెలలకు ఉద్యోగం మారేవారు రెండు నెలలు ఆగితే ఏమి దక్కుతుందో చూసుకుని నిర్ణయించుకోవాలి.

ఆటల ప్రసారాలకు, ఎన్నికల రాత్రులకు రోజు లెక్కన పిలిచే డైలీ హైర్ సిబ్బందికి ఈ సౌకర్యాలు అలాగే రావు. కొన్ని ఒప్పందాల్లో వారికి సౌకర్యాలకు బదులుగా రోజుకింత అని అదనపు చెల్లింపు ఉంటుంది, కొన్నింటిలో ఆరోగ్య నిధికి జమచేస్తారు. డైలీ హైర్ రేటు స్టాఫ్ రేటు కన్నా ఎక్కువగా కనిపించినప్పుడు, బీమా, సెలవులు, పెన్షన్ విలువ తీసేశాక మిగిలేదెంతో చూడండి.

తొలగింపు, సెవరెన్స్, వీసా

తొలగింపు నిబంధనలో సీనియారిటీ క్రమం, ఎన్ని వారాల నోటీసు, సర్వీసు ఏడాదికి ఎన్ని వారాల సెవరెన్స్ (తొలగించినప్పుడు ఇచ్చే పరిహారం), మళ్లీ పిలిచే హక్కు ఎంతకాలం అన్నవి చూడాలి. ఉద్యోగం పోయాక కోబ్రా చట్టం కింద సాధారణంగా 18 నెలల వరకు అదే బీమాలో కొనసాగవచ్చు, కానీ మొత్తం ప్రీమియంలో 102 శాతం వరకు మీరే కట్టాలి. సెవరెన్స్‌తో పాటు కొన్ని నెలల ప్రీమియం కంపెనీ భరిస్తుందా అన్నది అందుకే పెద్ద విషయం.

హెచ్-1బి మీద ప్రసార ఇంజనీరింగ్, ఐటీ పనుల్లో ఉన్న తెలుగువారికి యూనియన్ ఒప్పందం ఇంకో విధంగానూ ముడిపడి ఉంది. ఆ పనికి ఒప్పందంలో వేతన రేటు ఉన్నట్లయితే వీసా కోసం యజమాని కార్మిక శాఖకు ఇచ్చే లేబర్ కండిషన్ అప్లికేషన్‌లో ప్రివెయిలింగ్ వేజ్‌గా (ఆ చోట ఆ పనికి ఉన్న వేతనంగా) దాన్నే తీసుకోవాలి, ఆ అప్లికేషన్ నోటీసును యూనియన్‌కు ఇవ్వాలి. ఆ చోట ఆ పనిలో సమ్మె గానీ లాకౌట్ గానీ లేదని యజమాని హామీ ఇవ్వాలి. వీసా మీద ఉన్నంత మాత్రాన యూనియన్ హక్కులు తగ్గవు. ఉద్యోగం పోతే సాధారణంగా దేశంలో ఉండటానికి 60 రోజుల వరకే గ్రేస్ కాలం ఉంటుంది కాబట్టి, వీసా మీద ఉన్నవారికి ఒకేసారి చేతికిచ్చే సెవరెన్స్ కన్నా జీతం మీద ఉంచి ఇచ్చే నోటీసు వారాలు ఎక్కువ ఉపయోగపడతాయి. ఈ రెండింటిలో ఎంపిక ఉన్నట్లయితే ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడిగాకే సంతకం చేయండి.

టెక్సస్, ఫ్లోరిడా, జార్జియా, నార్త్ కరొలైనా వంటి రైట్-టు-వర్క్ రాష్ట్రాల్లో యూనియన్ చందా కట్టమని ఎవరూ బలవంతం చేయలేరు. చందా కట్టకపోయినా మీ హోదా ఆ ఒప్పందం పరిధిలో ఉంటే జీతం, సౌకర్యాలు అవే వర్తిస్తాయి. అయితే కొత్త ఒప్పందం మీద ఓటు సాధారణంగా సభ్యులకే ఉంటుంది. రేట్లను తేల్చే రోజున చేయి ఎత్తలేకపోవడం కన్నా చందా కట్టడమే మేలని నేను అనుకుంటాను.

ఒప్పందం గడువు తీరగానే జీతాలు, సౌకర్యాలు రద్దయిపోవు. కొత్త ఒప్పందం కుదిరే వరకు గానీ, చర్చలు పూర్తిగా ప్రతిష్టంభనకు చేరే వరకు గానీ పాతవాటిని యజమాని ఏకపక్షంగా మార్చకూడదు. ఆ నెలల్లో కంగారుపడి ఏదో ఒకటి ఒప్పుకోవలసిన అవసరం లేదు.

కొత్త ఒప్పందం ఓటుకు వచ్చినప్పుడు యూనియన్ పంచే సారాంశంతో సరిపెట్టుకోకుండా, మార్పుల పూర్తి పాఠం అడగండి. నిరుటి టైమ్‌షీట్లలో మీకు బాగా కష్టంగా గడిచిన ఒక నెలను తీసుకుని, అవే షిఫ్టులకు కొత్త నిబంధనల ప్రకారం ఎంత వచ్చేదో, ప్రీమియం ఎంత పోయేదో లెక్కకట్టండి. టర్న్‌అరౌండ్ 12 నుంచి 10 గంటలకు తగ్గితే 3 శాతం పెంపు మీ విషయంలో ఏమవుతుందో ఆ కాగితం మీద కనిపిస్తుంది. ఆ కాగితాన్ని సభకు తీసుకెళ్లి, బేరం చేసిన కమిటీ ముందు పెట్టి, ఓటు వేసే ముందే జవాబు అడగండి.